బ్రేకు తర్వాత మొదటి లేబుల్

మా ప్యాకింగ్ హాల్లోని లేబుల్ ప్రింటర్‌కు మతిమరుపు లేదు. అదే దాని రోగం.

కాసేపు ఊరికే వదిలేస్తే అది నిద్రపోతుంది. లేపి కొత్త బ్యాచ్ నంబరు ఇస్తే, ముందు పాత బ్యాచ్ లేబుల్ ఒకటి కొట్టి, ఆ తర్వాత బుద్ధిగా కొత్తవి కొడుతుంది. నాచారంలో మాది చిన్న ఆయింట్‌మెంట్ల కంపెనీ. బ్యాచ్ మార్చేది టీ బ్రేకుల్లోనే, లైను కడిగే సమయం అది కాబట్టి. అంటే ప్రతి బ్రేకు తర్వాతా వచ్చే మొదటి లేబుల్ అబద్ధం. దాని మీద పాత నంబరు, పాత తేదీ ఉంటాయి. చూసుకోకుండా అతికిస్తే కొత్త మందు పాత తేదీతో బజారుకు పోతుంది.

ఇంతకుముందు ఈ రోగం లేదు. అప్పుడు మా కంప్యూటర్లలో విండోస్ ఉండేది. దానికి లైసెన్సు మాత్రం ఉండేది కాదు. ఎవరో తనిఖీకి వస్తున్నారని పుకారు రాగానే మా జీఎం చలపతిరావు సార్ ఏదో సెమినార్‌కు వెళ్లి, అక్కడ భోజనం చేసి, విండోస్ బదులు వాడుకునే లినక్స్ అనే మాట నేర్చుకుని వచ్చారు.

"ఫ్రీ అటయ్యా దుర్గేష్! మొత్తం ఫ్రీ. ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేంటి?"

"సార్, మన లేబుల్ ప్రింటర్ దాంట్ల నడుస్తదో లేదో ఒక్కసారి చూసి..."

"ప్రపంచమంతా నడుస్తోందట. నీ ప్రింటర్ నడవదా?"

అలా మా కంపెనీకి తంగేడు వచ్చింది. తంగేడు అంటే మన హైదరాబాద్ వాళ్లే కొందరు కలిసి తయారుచేసిన లినక్స్. కంప్యూటర్ ఆన్ చేయగానే పసుపు పువ్వు, దాని కింద 'జనం కోసం' అన్న మాట కనిపిస్తాయి. ఏ జనం కోసమో రాసి ఉండదు.

దాన్ని చూసుకునే పని నాకు పడింది. నేను బీఎస్సీ కంప్యూటర్స్. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. అందుకని ఉప్పల్‌లో మా గల్లీవాళ్లు స్క్రీన్ ఉన్న వస్తువు ఏది పాడైనా నా దగ్గరికే తెస్తారు. స్క్రీన్ లేని మిక్సీలు కూడా తెస్తారు. చదువుకున్నవాడికి తెలియదంటే వాళ్లు నమ్మరు, పొగరు అనుకుంటారు. కంపెనీలోనూ అంతే.

లేబుల్ బల్ల దగ్గర కూర్చునే మనిషి ఉప్పలమ్మ. కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. ప్రింటర్ నిద్ర సంగతి తెలియని రోజుల్లో ఒక పాత లేబుల్ ఆమె చేతి మీదుగా డబ్బాకు అతుక్కుంది. డిస్పాచ్‌లో పట్టుకున్నారు కాబట్టి బయటికి పోలేదు. ఆమెకు మెమో మాత్రం వచ్చింది. అప్పటినుంచి ఉప్పలమ్మ ఒక అలవాటు చేసుకుంది. బ్రేకు కాగానే వచ్చి కూర్చుని, ప్రింటర్ లేపి, మొదటి లేబుల్ చర్రున చింపి నలిపి చెత్తడబ్బాలో పడేస్తుంది. పాత లేబుల్ పీడ పోయింది. కానీ సాయంత్రం లెక్కలో బ్రేకుకొక లేబుల్ తక్కువ. మందుల కంపెనీలో లెక్క తేలని లేబుల్ అంటే దొంగ సరుకుకు దారి అని మా సార్ భయం. భయం తప్పు కాదు. అది ప్రింటర్ మీద కాకుండా ఉప్పలమ్మ మీద పడటమే తప్పు.

"అతికిస్తె ఒగ తప్పు, చింపితె ఇంకో తప్పు. మరి నేనేం జెయ్యాలె దుర్గేషూ, ఆ లేబుల్ నమిలి మింగాల్నా?" అంది ఒకరోజు, నేను ప్రింటర్ వెనకాల వంగి తీగలు చూస్తుంటే.

"జర ఓపిక పట్టక్కా. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తది."

"ఎప్పటికెళ్లి అంటున్నవ్ ఆ మాట? నా మనవరాలికి పండ్లొచ్చినయ్, ఊడుతున్నయ్ గూడ. నీ ఫిరీ డబ్బాకు మాత్రం రాకపాయె."

పక్క బల్లలవాళ్లు నవ్వారు. ఉప్పలమ్మ నవ్వలేదు. గొంతు తగ్గించింది.

"ఇగో తమ్మీ. ఈ హాల్ల కూసొని చేసే పని ఇదొక్కటే. నా మోకాళ్లు సూసినవ్ గద. ఇది పాయెనంటే ఇంకో కంపెనీల నిలవడి చేసుడు నాతోని గాదు. గది యాది పెట్టుకో."

ఆ వారమే చలపతిరావు సార్ నన్నూ ఆమె కాంట్రాక్టర్‌నూ కేబిన్‌కు పిలిచి తీర్పు చెప్పేశారు. నెలాఖరులోగా నేను ప్రింటర్ బాగుచెయ్యాలి. అప్పటిదాకా లెక్కలో తేడాలు ఆయన ఓర్చుకుంటారు. ఆ తర్వాత ఒక్క లేబుల్ తేడా వచ్చినా లేబుల్ బల్ల దగ్గరికి వేరే మనిషి వస్తుంది. ఆయనది ఎంత ఉదారమైన మనసో చూడండి. తాను తెచ్చిన రోగానికి గడువు మాకు పెట్టారు.

రోగం ఏమిటో నేను అప్పటికే కనిపెట్టాను. నిద్రపోవడం ప్రింటర్ సొంత గుణం, దాన్ని ఆపలేం. లేచాక పాత సంగతి మరిచిపొమ్మని కంప్యూటరే దానికి చెప్పాలి. ఆ చెప్పే సాఫ్ట్‌వేర్ ముక్కను డ్రైవర్ అంటారు. ప్రింటర్ కంపెనీవాళ్లు తమ తప్పు దిద్దుకుని కొత్త డ్రైవర్ పోయిన ఎండాకాలమే విడుదల చేశారు. ప్రపంచమంతా దాన్ని తీసుకుంది. తంగేడు సాఫ్ట్‌వేర్లన్నీ దొరికే ఆన్‌లైన్ స్టోర్‌లో మాత్రం పాతదే ఉంది. ఆ స్టోర్‌లో ఉన్నది తప్ప బయటిదేదీ ఎక్కించకూడదని మా క్వాలిటీవాళ్ల రూలు.

తంగేడులో అప్‌డేట్ చెయ్యడమంటే నల్లటి కిటికీ తెరిచి అందులో కమాండ్ కొట్టాలి. కొడితే తెల్లటి అక్షరాలు గబగబా పరుగెత్తి, చివర 'వెనక ఆపి ఉంచిన ప్యాకేజీలు: 1' అని వచ్చి ఆగిపోయేది. ఆ ఒక్కటీ నా డ్రైవరే. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో, ఎప్పుడు వదులుతారో ఒక్క ముక్క ఉండదు. ఉప్పల్ చౌరస్తాలో బండి ఆపిన కానిస్టేబుల్ కూడా కనీసం చెయ్యి అడ్డం పెడతాడు.

మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ మీద కొత్త డ్రైవర్ సొంతంగా ఎక్కించి చూద్దామనుకున్నాను. అది ఇంకో ముక్క కావాలంది. ఆ ముక్క తనకు ఇంకొకటి కావాలంది. ఒక మనిషిని భోజనానికి పిలిస్తే వాడు బావమరిదిని తెచ్చి, ఆ బావమరిది తోడల్లుణ్ణి తెచ్చి, చివరికి ఇంటివాళ్లకే కూర్చునే చోటు లేకుండా పోయినట్టు, అన్నీ ఎక్కాక స్క్రీనే రావడం మానేసింది.

తంగేడు వాడేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఒక వేదిక ఉంది. అక్కడ నా గోడు ఇంగ్లిష్‌లో, మా మాస్టర్లు నేర్పిన పద్ధతిలో, 'గౌరవనీయులైన సభ్యులకు' అని మొదలుపెట్టి రాశాను. 'నా దగ్గర బాగానే పనిచేస్తోంది' అని ఒకాయన రాశాడు. 'మాన్యువల్ చదివావా?' అని ఇంకొకాయన. చదివాను. మాన్యువల్‌లో ప్రింటర్ నిద్ర గురించి ఒక శీర్షిక పెట్టి, దాని కింద 'తెలిసినవారు పూరించగలరు' అని వదిలేశారు. ఒక మేధావి అయితే మనుషులు బ్రేకు తీసుకోకపోతే ప్రింటర్ నిద్రపోదు కదా అన్నాడు. ఆ మాట చాలామందికి నచ్చింది. బొటనవేళ్లు ఎత్తి చూపించారు. వాళ్లలో ఒక్కరైనా ఎప్పుడైనా ప్యాకింగ్ హాల్లో ఒక షిఫ్టు కూర్చున్నారా అని అడగాలనిపించింది. అడగలేదు. మళ్లీ 'గౌరవనీయులైన' అనే మొదలుపెట్టి, ప్యాకేజీ బాధ్యత ఎవరిదని అడిగాను.

ప్రతి ప్యాకేజీకి ఒక మెయింటెయినర్ ఉంటాడట. ఆయన డిజిటల్ సంతకం పడితేనే అది స్టోర్‌లోకి వస్తుంది. నా డ్రైవర్ మెయింటెయినర్‌కు మెయిల్ పెట్టాను. జవాబు వచ్చింది: 'స్టేబుల్ వెర్షన్‌లో మార్పులు చేయము. తర్వాతి విడుదలలో వస్తుంది.'

స్టేబుల్ అంటే కదలని, స్థిరమైన వెర్షన్; మా కంపెనీలో ఉన్నది అదే. తర్వాతి విడుదల ఎప్పుడండీ అని రాశాను.

'సిద్ధమైనప్పుడు.'

అంతే. ఒక్క మాట. కింద పేరు సుబ్రహ్మణ్యం అని ఉంది. పేరు కింద రామంతాపూర్ అని ఉంది.

ఆ చివరి మాట రెండోసారి చదివాను. ఇన్నాళ్లూ ఆ మనిషి ఏ జర్మనీలోనో మంచు కురిసే ఊళ్లో ఉంటాడని ఊహించుకున్నాను. ఉప్పల్ నుంచి షేర్ ఆటో ఎక్కితే దిగేలోపు పాట పూర్తికాదు, అంత దగ్గర.

మా బిక్షపతి మామకు చెప్పాను. మామ మా అమ్మకు తమ్ముడు. నల్లా కనెక్షన్, కరెంటు మీటరు, క్యాస్ట్ సర్టిఫికెట్, ఆఫీసుల్లో ఏది ఇరుక్కున్నా దాన్ని కదిలించడమే ఆయన పని. పైరవీ అన్నది ఆయన దృష్టిలో తిట్టు కాదు, వృత్తి. తెల్లచొక్కా వేసుకుని శ్రద్ధగా చేస్తాడు.

"ఫైలు ఎవ్వల టేబుల్ మీద ఆగింది?" అన్నాడు.

"ఫైలు గాదు మామా, ప్యాకేజీ."

"పేరేదైతేంది. సంతకం ఎవ్వలిది గావాలె?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. "సుబ్రహ్మణ్యం సార్ అని, ఒకాయనది."

"గది ఫైలే గదరా మరి. ఏం అడుగుతుండు?"

"ఏం అడగడు. ఆయనకు దీనికి జీతం గూడ లేదు. సేవ జేస్తడు."

మామ మొహం వాడిపోయింది. "ఆశ లేనోని దగ్గర ఇరుక్కుందా? అరెరె. గసుంటోళ్లు మస్తు డేంజర్ బిడ్డా. తాసిల్దార్‌నన్న కదిలియ్యొచ్చు గని, ఫిరీగ పనిజేసేటోన్ని కదిలిచ్చుడు ఎవ్వలతోని గాదు. సరే పా, సూద్దాం."

ఆదివారం పొద్దున రామంతాపూర్ టీవీ కేంద్రం వెనక గల్లీలో ఇల్లు దొరికింది. గేటు తీసినావిడ ఆయన భార్య సత్యవేణి గారు. మామ రెండు చేతులూ జోడించాడు. "నమస్తే అమ్మా. సార్‌తోని జర మాట్లాడేదుండె. మా అల్లుడు. సారంటే మస్తు గౌరవం."

సుబ్రహ్మణ్యం గారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. పసుపు పువ్వు బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని ఉన్నారు. నా పేరు వినగానే మొహం విప్పారింది.

"ఆ లేబుల్ ప్రింటర్ మెయిళ్లు మీవేనా? ఎంత పద్ధతిగా రాశారండీ! గౌరవనీయులైన అని. ఈ రోజుల్లో ఎవరు రాస్తున్నారు?"

"మరి ఆ డ్రైవర్ పంపియ్యొచ్చు గద సార్?"

"అబ్బే. మీరు పద్ధతిగా అడిగారు, నేను పద్ధతిగా చెయ్యనన్నాను. అక్కడికి సరిపోయింది."

మామ నా వంక చూశాడు. నేను చెప్పలేదా అన్నట్టు.

ఆయన కంప్యూటర్ ముందు గదిలోనే ఉంది. స్క్రీన్ మీద తంగేడే, కానీ మా కంపెనీలో ఉన్నది కాదు. అన్నీ కొత్తగా, నున్నగా ఉన్నాయి.

"మీరు వాడేది ఏ వెర్షన్ సార్?"

"ఇది రోజువారీదండీ. పొద్దున ఎవరైనా మార్పు చేస్తే సాయంత్రానికి ఇందులో ఉంటుంది."

"స్టేబుల్ వాడరా?"

"నేనా? స్టేబులా?" ఆయన నవ్వారు. "అది జనానికండీ. నాకెందుకు?"

"అయితే మా డ్రైవర్..."

"ఉందిగా. ఎప్పటినుంచో ఉంది. నా దగ్గర బాగానే పనిచేస్తోంది."

ఆ వాక్యం నేను ఎక్కడో చదివాను. గదంతా ఒకసారి కలియజూశాను. ప్రింటర్ లేదు.

సత్యవేణి గారు కాఫీ తెచ్చారు. ఆవిడ చంకలో ఇంకో లాప్‌టాప్ ఉంది. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి తెరుస్తుంటే చూశాను. విండోస్.

"మీరు తంగేడు వాడరా అమ్మా?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నాకు పనులుంటాయి కదా బాబూ. కరెంటు బిల్లు కట్టాలి, రైలు టికెట్లు చూడాలి. ఆయనకేం, ఆయనకు కంప్యూటరే పని."

"వేణీ!" అన్నారాయన.

"ఉన్నమాటేగా."

మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "సార్, ఒక్క సంతకమే గద. అక్కడ ఒక ముసలామె కొలువు పోయేటట్టున్నది. మీరు మనసు జేస్తె..."

"నా ఒక్కడి సంతకం చాలదండీ. స్టేబుల్లోకి పంపాలంటే రెండో మెయింటెయినర్ సంతకం కూడా ఉండాలి. అది విజయభాస్కర్ది."

"ఆయన ఏడుంటడు?"

"లాలాపేట్."

"ఫోన్ కొట్టున్రి మరి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. సత్యవేణి గారే చెప్పారు. "ఇద్దరికీ మాటల్లేవండీ. ఒకప్పుడు ఇద్దరూ ఇదే గదిలో కూర్చుని దీన్ని తయారుచేశారు. తిండి కూడా ఇక్కడే."

"భూమి తగాదా?" అన్నాడు మామ, సానుభూతిగా.

"బటన్ తగాదా," అన్నారావిడ.

సుబ్రహ్మణ్యం గారు ఇటు తిరిగారు. ఆ మనిషికి కోపం రావడం అప్పుడే చూశాను. "అప్‌డేట్‌కి స్క్రీన్ మీద బటన్ పెట్టాలన్నాడండీ! తెలుగులో, ఇంత లావుది! నేను ఒకటే చెప్పాను. బటన్ పెడితే జనం నొక్కుతారు!"

"నొక్కెతందుకే గద సార్ బటన్?" అన్నాన్నేను.

"చూశారా! మీరే అంటున్నారు. చదవరు, తెలుసుకోరు, నొక్కేస్తారు. కమాండ్ అయితే తెలిసినవాడే కొడతాడు. అప్పటినుంచి నేను సంతకం పెట్టిన దేనికీ స్టేబుల్లో వాడు రెండో సంతకం పెట్టడం లేదు. పెట్టకపోతే పోనీండి. అందుకే దానికి స్టేబుల్ అని పేరు."

ఉప్పలమ్మ మోకాళ్లూ, మా సార్ గడువూ, వేదిక మీద ఎత్తిన బొటనవేళ్లూ, వెనక ఆపి ఉంచిన ఒక్క ప్యాకేజీ, అన్నీ ఈ గదిలో ఒక బటన్ దగ్గర ఆగి ఉన్నాయి. స్థిరత్వం అని ఇంటర్నెట్‌లో పేజీలకు పేజీలు రాసింది ఇద్దరు పెద్దమనుషులు అలగడం గురించి.

నాకు కడుపు మండుతుంటే మామ మొహం మాత్రం వెలిగిపోతోంది. గేటు దాటగానే నా భుజం మీద చరిచాడు. "ముందే చెప్పొద్దారా? సాఫ్ట్‌వేర్ సాఫ్ట్‌వేర్ అని నన్ను భయపెట్టినవ్. ఇది పంచాయితి. నా పని."

ఆ వారం మామ ఏం తిరిగాడో నాకు పూర్తిగా తెలియదు. లాలాపేట్ పోయి విజయభాస్కర్ గారితో, 'సుబ్రహ్మణ్యం సార్ మీ పేరు తీస్తే కండ్లల్ల నీళ్లు పెట్టుకుండు' అన్నాడట. రామంతాపూర్ వచ్చి అదే మాట పేర్లు మార్చి చెప్పాడట. తర్వాతి ఆదివారం ఇద్దరినీ లాలాపేట్ ఫ్లైఓవర్ కింద ఇరానీ హోటల్లో ఒకే టేబుల్ ముందు కూర్చోబెట్టాడు. నన్ను పక్క టేబుల్ దగ్గర కూర్చోమన్నాడు, పెద్దల మధ్య మాట్లాడొద్దన్నాడు.

"ఏడ్చావటగా," అన్నారు విజయభాస్కర్ గారు. సన్నటి మనిషి, మెడలో కళ్లజోడు తాడు.

"నువ్వేగా ఏడ్చింది!"

మామ మధ్యలోకి వచ్చాడు. "ఎవ్వలేడిస్తేంది సార్, పాత ముచ్చట. ఉస్మానియా బిస్కెట్లు తినున్రి. ఇప్పుడు జెప్పున్రి, మీకేం గావాలె?"

"బటన్ కావాలి," అన్నారు విజయభాస్కర్ గారు. "మా అమ్మాయి స్కూల్లో పిల్లలకు తంగేడు పెట్టించాను. టీచర్లు అప్‌డేట్ చెయ్యలేక తీసేసి విండోస్ పెట్టుకున్నారు. వీడివల్ల."

"నేర్చుకోవాలి! టీచర్లే నేర్చుకోకపోతే ఎవరు నేర్చుకుంటారు?"

"వాళ్లు లెక్కలు చెప్పాలా, నీ కమాండ్లు బట్టీ పట్టాలా?"

"కమాండ్ కొట్టలేనివాడికి కంప్యూటర్ దేనికి?"

"మీ ఆవిడనడుగు!"

సుబ్రహ్మణ్యం గారు లేవబోయారు. మామ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఇంకో టీ చెప్పాడు. ఒకరి మాట ఒకరు వినేదాకా కూర్చోబెట్టే విద్య ఆయనకు తెలుసు. ఊళ్లల్లో పొలాల గెట్ల తగాదాలు తీర్చిన మనిషి. ఎదుటివాళ్ల తగాదా దేని గురించో అర్థం కాకపోవడం కూడా ఆయనకు కలిసొచ్చింది. ఇద్దరి వాదనా పూర్తిగా విని, మీసం దువ్వుకుని, తీర్పు చెప్పాడు.

"ఇగో సార్లూ. భాస్కర్ సార్‌కు బటన్ ఉండాలె. సుబ్రహ్మణ్యం సార్‌కు బటన్ నొక్కితె పని గావొద్దు. గంతేనా? అయితే బటన్ పెట్టున్రి. నొక్కితె, ఏం కమాండ్ కొట్టాల్నో అది సూపియ్యున్రి. బటన్‌కు బటనుంది, కమాండ్‌కు కమాండుంది."

నేను నవ్వబోయి ఆగాను. ఎందుకంటే ఇద్దరు మెయింటెయినర్లూ నవ్వడం లేదు. ఆలోచిస్తున్నారు.

"తెలుగులో?" అన్నారు విజయభాస్కర్ గారు.

"తెలుగులో పెట్టుకో. కమాండ్ మాత్రం ఇంగ్లిష్‌లో," అన్నారు సుబ్రహ్మణ్యం గారు.

"లావుగా."

"కొంచెం లావుగా."

చేతులు కలుపుకున్నారు. ఇద్దరి పంతమూ నెగ్గింది, జనానికి మాత్రం ఎక్కనిచ్చినట్టే ఎక్కనిచ్చి మెట్టు మీదే నిలబెట్టే బస్సు దొరికింది. సుబ్రహ్మణ్యం గారి సంతకం తాళంచెవుల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్‌లో ఉంది. లాప్‌టాప్ తెరిచి, టీ మరకలు తుడిచి, ఆయన సంతకం చేశారు. దాని మీద విజయభాస్కర్ గారు రెండో సంతకం చేశారు. పోయిన ఎండాకాలం నుంచి కుదరని పని టీ చల్లారేలోపే అయిపోయింది.

శనివారానికి డ్రైవర్ స్టోర్‌లోకి వచ్చింది. దాంతోపాటు ఒక ప్రకటన కూడా వచ్చింది: 'సభ్యుల సుదీర్ఘ పరీక్షల అనంతరం, స్థిరత్వంతో రాజీ పడకుండా.' అందులో బిక్షపతి మామ పేరు లేదు. ఇరానీ టీ ప్రస్తావన లేదు. స్క్రీన్ మూలన పసుపుపచ్చ బటన్ ఒకటి మొలిచింది, 'నవీకరించు' అని. నొక్కాను. 'నల్ల కిటికీ తెరిచి ఈ కింది కమాండ్ కొట్టండి' అని వచ్చింది. కొట్టాను.

ప్రింటర్‌ను నిద్రపుచ్చి, లేపి, నంబరు మార్చి చూశాను. మొదటి లేబులే కొత్త నంబరుతో వచ్చింది. మళ్లీ చూశాను. మళ్లీ సరిగ్గానే వచ్చింది.

సోమవారం కొత్త నెల మొదలు. గడువు తీరిన రోజు. పొద్దున గేటు దగ్గరే ఉప్పలమ్మకు చెప్పాను. "అక్కా, బాగయింది. ఇగ మొదటి లేబుల్ చింపకు. అది మంచిదే వస్తది."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఇన్నొద్దులకు ఒక్క పని జేసినవ్ పో," అని నా తలమీద చెయ్యి పెట్టి పోయింది.

సార్‌కు నేనే స్వయంగా చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను. టీ బ్రేకు అయ్యాక కేబిన్ వైపు పోతుంటే ఆయనే పిలిపించారు.

లోపల కాంట్రాక్టర్ ఉన్నాడు, గడువు తీరిందని బ్రేకు నుంచీ లేబుల్ బల్ల దగ్గరే కాపు కాసినట్టున్నాడు. ఉప్పలమ్మ ఉంది. బల్ల మీద నలిగిన లేబుల్ ఒకటి ఉంది. దాని మీద నంబరు కనబడకుండా మధ్యకు చిరిగి ఉంది. ఉప్పలమ్మ నా వైపు చూడలేదు. తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, దాన్నే చూస్తోంది.

ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రేకు అయింది, వచ్చి కూర్చుంది, ప్రింటర్ లేపింది, లేబుల్ వచ్చింది, చెయ్యి చర్రున చింపేసింది. తంగేడువాళ్లు నెలల తరబడి ఆ చేతికి నేర్పిన పాఠం అది. వాళ్ల డ్రైవర్‌కు అప్‌డేట్ వచ్చింది. ఉప్పలమ్మ చేతికి ఎవరు పంపుతారు?

"కొత్త నెల, మొదటి రోజు, మొదటి బ్రేకు," అన్నారు చలపతిరావు సార్. "లెక్కలో తేడా. ఒకటే అడుగుతాను దుర్గేష్. నీ అప్‌డేట్ వచ్చిందా, రాలేదా? వచ్చిందంటే తప్పు ఈవిడది. మనిషిని మార్చేస్తాం. రాలేదంటే తప్పు నీది."

కాంట్రాక్టర్ అప్పటికే కొత్త మనిషికి ఫోన్ చెయ్యడానికి సెల్ చేతిలోకి తీసుకున్నాడు.

నేను కూర్చుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి. కొత్త డ్రైవర్, రెండు సంతకాలు, శనివారం పరీక్ష. మా ఇంట్లో అబద్ధం చెబితే అమ్మ ఊరుకునేది కాదు. చదువుకున్నవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలనేది.

"రాలేదు సార్," అన్నాను.

ఉప్పలమ్మ తలెత్తింది.

"రాలేదా?"

"చూపిస్తా రండి సార్."

ఆయన కంప్యూటర్‌లోనే నల్ల కిటికీ తెరిచి కమాండ్ కొట్టాను. తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి. చివర 'వెనక ఆపి ఉంచిన ప్యాకేజీలు: 1' అని వచ్చి ఆగింది. అది ఏదో క్యాలెండర్ తాలూకుది. తంగేడులో ఎప్పుడూ ఏదో ఒకటి వెనక ఆగే ఉంటుంది, ఆ విషయంలో వాళ్లను నమ్ముకోవచ్చు. సార్ ముందుకు వంగి, కళ్లజోడు సర్దుకుని, నల్ల కిటికీని పైనుంచి కిందిదాకా చూశారు. ఏమీ అర్థం కాలేదని ఒప్పుకునే మనిషి కాదు.

"ఆ. ఉంది. ఒకటి ఆగిపోయిందని ఇక్కడ చెబుతూనే ఉంది," అన్నారు కాంట్రాక్టర్‌తో, తానే కనిపెట్టినట్టు.

"జీ సార్."

"ఏం దరిద్రమయ్యా ఇది! ఊరికే వచ్చిందని తెచ్చుకుంటే!" తెచ్చుకున్నది ఎవరో ఆయన అనలేదు. నన్ను చాలా మాటలన్నారు. బీఎస్సీ ఎలా పాసయ్యావన్నారు. అన్నీ అయ్యాక విసుగ్గా చెయ్యి ఊపారు. "ఇలా కాదు. ఇకనుంచి బ్రేకు తర్వాత మొదటి లేబుల్ వేస్ట్ కింద రాసెయ్యండి. చింపింది అతికించి సంతకం పెట్టండి, లెక్క తేలుతుంది. రూలు చేసేస్తున్నాను. ఈవిడ జోలికి పోకండి, పనిచేసే మనిషిని."

కాంట్రాక్టర్ సెల్ జేబులో పెట్టుకున్నాడు. ఉప్పలమ్మ చేతిని వదిలేసింది. తలుపు దాకా పోయి, నా వైపు ఒకసారి చూసి, తన బల్ల దగ్గరికి పోయింది.

"అయినా అసలు ఎప్పుడొస్తుందయ్యా ఆ అప్‌డేట్?" అన్నారు సార్, ఇంకా స్క్రీన్ వైపే చూస్తూ.

నేను నల్ల కిటికీ మూసేశాను.

"సిద్ధమైనప్పుడు, సార్."